ఎక్స్‌ప్రెసివ్ అని రాసిన, బుచ్చవ్వ చేతులు రాయలే

నిరుడు రిటైరైన. మొన్న కొత్తగ కోర్టు నౌకర్ల చేరిన నలుగురు పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు రాయుండ్రి, మాకు పనికొస్తయి" అన్నరు. చాయ్ తాగిండ్రు, బిస్కట్లు తిన్నరు, పోయిండ్రు. మర్యాదకు అన్నరని నాకు ఎర్కనే. అయినా అన్నరు గద, ఇగ మీకు తప్పదు, చదువుండ్రి.

ముప్పై నాలుగేండ్లు స్టెనోగ చేసిన. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ జడ్జి నాకు శాలువ కప్పిండు అన్నవి రాయ. శాలువలు నాలుగున్నయి, చలికి ఒక్కటి సుత పనికిరాదు. నేను రాసేది ఒక ఇంగ్లీషు మాట గురించి. ఎక్స్‌ప్రెసివ్ అన్న మాట. ఒక్క మాటకు గింత కథనా అంటరేమో. ఆ మాటను ముద్దుగ టైపు కొట్టి, దాని ఎనుకున్న సంగతి కొట్టనందుకు రాజయ్య అనే మగ్గాల పనోడు పదకొండు దినాలు జైల్ల ఉన్నడు. తప్పు నాది. గందుకే రాస్తున్న.

ఏ కోర్టో చెప్ప. మరమగ్గాల సప్పుడు వినబడే ఒక చిన్న పట్నం అనుకోండ్రి. పేరు చెప్తే ఇప్పుడు అక్కడున్నోళ్ళు నొచ్చుకుంటరు, నాకు పెండ్లిపత్రికలు వచ్చుడు బందైతది.

మన పని అసలు ఏంది

బయటోళ్ళకు తెల్వదు గనుక చెప్తున్న. సాక్షి బోనుల నిలబడి మన భాషల చెప్తడు. మెజిస్ట్రేటు విని, దాన్ని ఇంగ్లీషుల పెట్టి పైకి చెప్తడు. స్టెనో టైపు కొడ్తడు. కొట్టినంక మళ్ళ తెలుగుల చదివి వినిపిస్తే, సాక్షి సరే అని సంతకమో ఏలిముద్రనో పెడ్తడు. ఇగ సాక్షి ఇంటికి పోతడు, వకీలు ఇంకో కేసుకు పోతడు, సారు బదిలై పోతడు. మిగిలేది కాయితం.

మన జనం ఎట్ల మాట్లాడుతరో మీకు నేను చెప్పాల్నా. "ఆడు బుర్రున వచ్చిండు సారూ, దబ్బున దుంకిండు, గుడ్లురిమి చూసిండు, నా పానం జల్లుమన్నది." ఇది ఇంగ్లీషుల పడ్డంక ఏమైతది? వచ్చిండు, దుంకిండు, చూసిండు, భయమైంది. గొర్లు కాసే మల్లన్న, బ్యాంకు మేనేజరు, బీడీలు చుట్టే అవ్వ, ముగ్గురు మా మిషన్ల పడ్డంక ఒకటే బడిల చదువుకున్నట్టు మాట్లాడుతరు. మొదట్ల ఇది నాకు గొప్పగ ఉండె. ఊరంతటిని నేనే చదివించి పాసు చేయించినట్టు ఛాతి ఉబ్బిచ్చుకొని తిరిగిన.

ఒక్క పెద్దమనిషి మాత్రం మొదట్లనే నాకు చెప్పిండు. నౌకర్ల చేరిన కొత్తల, ఆసిఫాబాద్ దిక్కు అడవి పల్లెలోళ్ళు వచ్చే కోర్టుల ఉన్న. మేక దొంగతనం కేసు. అంగట్ల దొరికిన మేక నాదే అని ఒకడు, కాదు నాదని ఇంకొకడు. మొదటోడు, "నేను పిలిస్తె పలుకుతది సారూ, నా మేక" అన్నడు. మేక కోర్టు ముంగట చింతచెట్టుకు కట్టేసి ఉన్నది. ముసలి మెజిస్ట్రేటు, "పిలువు" అన్నడు. ఆయన బోనుల నిలబడి గొంతు చించుకొని మేక లెక్క అరిచిండు. బయటికెల్లి మేక జవాబిచ్చింది. మేమందరం కడుపులు పట్టుకొని నవ్వుతుంటె, ఆ సారు మాత్రం మొఖం కదలకుంట చెప్పిండు, "రాయవయ్యా: సాక్షి తన మేకను పిలిచే సప్పుడు చేసి చూపెట్టిండు, కోర్టు బయట కట్టేసిన మేక రెండుసార్లు బదులు పలికింది." నేను నవ్వాపుకుంట కొట్టిన. సాయంత్రం నన్ను పిలిచి, "నవ్వొచ్చేదే ముందుగాల రాయాలె, రేపు చదివెటోడు ఇక్కడ ఉండడు" అన్నడు. నేను తలకాయ ఊపిన. తలకాయ ఊపుట్ల స్టెనోలను మించినోళ్ళు లేరు. ఇంటికి పోయేసరికి మర్చిపోయిన.

డిక్షనరీ సారు

మస్తు ఏండ్ల తర్వాత ఈ పట్నానికొస్తె, అక్కడ ఒక మెజిస్ట్రేటు ఉండె. సంచిల కేసు ఫైళ్ళకంటె డిక్షనరీలే ఎక్కువ ఉండె. ఆయనది మా దిక్కు కాదు, పుస్తకాల తెలుగు మాట్లాడుతుండె. వెనుక ఏ పేరు పెట్టి పిలుస్తమో ఆయనకు తెల్వదని మేము అనుకునేది. తెలుసు.

ఆయనకు మాటల పుట్టుక అంటే పానం. ఒకరోజు కోర్టు గేటు కాడ చెరుకురసం బండి ముంగట నన్ను నిలబెట్టిండు. బండోడు చెరుకు గడను మిషన్ల పెట్టి తిప్పుతుండె. "చూడవయ్యా, ఎక్స్‌ప్రెసివ్ అంటే ఇదే. లాటిన్‌లో ఎక్స్ అంటే బయటికి. ప్రెస్ అంటే ఒత్తడం. ఒత్తితే లోపల ఉన్నది బయటికి రావడం. మొదట రసాలకు, నూనెలకు వాడిన మాట. తర్వాత మట్టిలో బొమ్మ అచ్చు ఒత్తడానికి వాడారు. ఆ తర్వాత మనిషి లోపలి మాటకు వచ్చింది" అన్నడు. రసం తాగి గిలాస పెట్టి, "మీరు రోజూ ఎక్కే ఎక్స్‌ప్రెస్ రైలు కూడా ఈ కుటుంబమే. ఫలానా పనికని విడమరిచి చెప్పి నడిపిన రైలు" అన్నడు. మా దిక్కు ఎక్స్‌ప్రెస్ అంటే మన స్టేషన్ల ఆగకుంట పోయే రైలు అని నేను మనసుల అనుకున్న, పైకి అనలే. ఇప్పుడు మీ ఈడు పిల్లలు హైదరాబాద్ల కూసొని తాగే ఎస్ప్రెసో కాఫీ, ఆ చాయ్ కాని చాయ్ గూడ ఆ ఒత్తుడుకెల్లి వచ్చిందేనట.

ఆయన నేర్పిన తేడాలు ఇయ్యాల్టికి యాదికున్నయి. ఎలోక్వెంట్ అంటే నోటితోటి ధారగ మాట్లాడెటోడు. అది వకీళ్ళకు పెట్టుకునే మాట, వాళ్ళకు పెడితే సంతోషపడ్తరు. ఆర్టిక్యులేట్ అంటే కీలుకు కీలు విడదీసి స్పష్టంగ చెప్పెటోడు. ఎక్స్‌ప్రెసివ్‌కు నోరుతోటి పనిలేదు. కండ్లు, చేతులు, మెడ, నిలబడ్డ తీరు, ఏదైనా సరే, లోపలున్నది బయటికొస్తె సాలు. నా భార్యనే చూడుండ్రి, నేను ఆలస్యంగ ఇంటికొస్తె ఒక్క మాట అనదు, మంచినీళ్ళ గిలాస బల్ల మీద పెట్టుతది. ఆ పెట్టుడుల అన్ని ఉంటయి.

డిక్షనరీలల్ల దీనికి తెలుగుల "భావస్ఫోరకమైన" అని రాసిండ్రు. ఆ మాట పలికేటప్పుడు ఎవ్వని మొఖంలనన్న ఒక భావం కనబడ్తదేమో చూడుండ్రి. మన ఇండ్లల్ల మనకు మంచి మాట ఉన్నది. కండ్లకు గట్టినట్టు చెప్పుడు. గంతే.

ఇంకో ముచ్చట. ఈ మాటను ఆఫీసులల్ల చెడగొట్టిండ్రు. వాగుబోతు క్లర్కు గురించి పై ఆఫీసరు రహస్యంగ రాసే రిపోర్టుల ఎక్స్‌ప్రెసివ్ అని రాస్తడు. అదొక మర్యాద. నా రిపోర్టుల ఒక ఏడు గట్లనే రాసిండ్రు, నేను పొగిడిండ్రనుకొని ఇంట్ల చెప్పుకున్న.

గడ్డివాము కేసు

మల్లయ్య అనే రైతుది గడ్డివాము కాలిపోయింది. మల్లయ్యకు, రాజయ్యకు పొలం గట్టు కాడ రెండు దినాల ముంగట లొల్లి అయింది. రాజయ్యది అరెకరం, కడుపు నింపేది మగ్గమే. నిప్పు రాజయ్యనే పెట్టిండని, దూరంకెల్లి కండ్లార చూసిన్నని మల్లయ్య కేసు పెట్టిండు. రాజయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. జైలుకు పోతె మగ్గం మీదికి ఇంకొకడు వస్తడు, తిరిగొచ్చినంక ఆ జాగ దొరుకదు. ఇది కోర్టుల అందరికి ఎర్కనే.

గడ్డివాముకు ఎదురుంగ బుచ్చవ్వ ఇల్లు. అరువై దాటిన మనిషి, బీడీలు చుట్టుతది. పోలీసోళ్ళు ఆమె రాజయ్యను చూసిందని వాళ్ళే రాసుకొని సాక్షిగ తెచ్చిండ్రు. బోనుల నిలబడ్డప్పుడు సుత ఆమె చేతులు ఒక్క తాన ఉండలే, ఆకు లేకున్నా ఏళ్ళు చుట్టుకుంటనే ఉన్నయి.

"ఏం చూసినవమ్మా?" అని సర్కారు వకీలు అడిగిండు.

"సూడకేముంది అయ్యా. పొద్దు గూకుతుంది. అరుగు మీద కూసొని బీడీలు చుట్టుతున్న. భగ్గుమన్నది. లేచి చూసిన. గింత మనిషి" అని అరచెయ్యి నొసటి కాడ పెట్టి చూపెట్టింది. "గిట్ల పట్టుకొని, గిట్ల గుంజుకొని, గిట్ల గిట్ల సూసుకుంట, గటు పోయిండు."

గిట్ల అన్నప్పుడల్ల చేసి చూపెట్టింది. కుడిచేత్తోటి చీర కుచ్చిళ్ళు లుంగీ కొస లెక్క ఎత్తి పట్టుకున్నది. మెడ భుజాలల్లకు గుంజుకున్నది. మూడడుగులు ఏసి ఎనుకకు చూసుడు, మళ్ళ మూడడుగులు ఏసి చూసుడు. బోను రెండడుగులే ఉంటది గద, మూడో అడుగుకు బయటికొచ్చింది. అటెండరు పట్టుకోపోయిండు, ఆమె ఆగలే, తలుపు దాక నడిచి చూపెట్టి మళ్ళొచ్చి బోనుల నిలబడ్డది.

హాలంత పకపక నవ్వింది. ఊరోళ్ళందరు ఎనుక బెంచీ దిక్కు తిరిగిండ్రు. అక్కడ మల్లయ్య బామ్మర్ది కూసున్నడు. పొట్టి మనిషి. అందరు తనను చూసుడు చూసి, పాపం, లేచి పోదామనుకున్నడు. లుంగీ కొస ఎత్తిపట్టుకొని, మెడ లోపలికి గుంజుకొని, మూడడుగులకోసారి ఎనుకకు చూసుకుంట పోయిండు. ఇగ నవ్వు ఆపేది ఎవరు. నేనైతె టైపు మిషను మీద తలకాయ పెట్టి నవ్విన. రాజయ్య గూడ నవ్విండు. ఆరడుగుల మనిషి, మా కోర్టు తలుపుల వంగి రావాలె.

"పేరేంది వాంది?" అన్నడు సర్కారు వకీలు, కోపంగ.

"పేరు నేను అన అయ్యా" అన్నది బుచ్చవ్వ. అనదు మరి. బామ్మర్ది పేరు ఎల్లయ్య. చనిపోయిన ఆమె పెనిమిటి పేరు గూడ ఎల్లయ్యనే. ఆ పేరు ఆమె నోట్లకెల్లి వస్తదా? హాలుల ఉన్న ఆడోళ్ళందరికి సమజైంది.

డిక్షనరీ సారు కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకుంట చెప్పిండు, నేను కొట్టిన. ఒక మనిషి, ఇంత ఎత్తు, ఇట్ల పట్టుకొని, ఇట్ల గుంజుకొని, ఇట్ల ఇట్ల చూసుకుంట, అటు పోయిండు. పేరు చెప్పలే. కింద సాక్షి తీరు గురించి మెజిస్ట్రేటు ఒక ముక్క రాయొచ్చు. సారు ముచ్చటపడి, "విట్నెస్ ఈజ్ వెరీ ఎక్స్‌ప్రెసివ్" అన్నడు. నేను ఆ మాటకు స్పెల్లింగు సుత అడగకుంట కొట్టిన. రాజయ్య వకీలు లేచి, "నాకు అడిగేదేం లేదు సార్, అవ్వ అంతా చూపెట్టింది" అని దర్జాగ కూసున్నడు. నేను తెలుగుల చదివి వినిపించిన. బుచ్చవ్వ సరే బిడ్డా అన్నది, ఏలిముద్ర ఏసింది.

సారు తీర్పు రాసేలోపట బదిలీ వచ్చింది. డిక్షనరీలు సర్దుకొని పోయిండు.

మేడం తప్పు లేదు

ఆయన జాగల ఒక మేడం వచ్చింది. వయసు చిన్నది, పని గట్టిది. కొత్తగ వచ్చినోళ్ళు పాత సాక్ష్యాలు చదివి తీర్పు ఇయ్యొచ్చు, చట్టం ఒప్పుకుంటది. మేడం మొత్తం చదివింది. మల్లయ్య చూసిన్నన్నడు. ముంగట లొల్లి ఉన్నది. ఎదురింటి అవ్వ గూడ ఒకడు పోతుంటె చూసిన్నన్నది, రాజయ్య వకీలు ఆమెను ఒక్క ప్రశ్న అడుగలే, పైగ ఆమె మస్తు ఎక్స్‌ప్రెసివ్ సాక్షి అని ముందున్న మెజిస్ట్రేటే రాసిండు. రాజయ్య గింత అని గాని, గింత కాదని గాని కాయితంల లేదు. ఏడాది శిక్ష పడ్డది.

ఆ తీర్పు టైపు కొట్టింది గూడ నేనే. కొడుతుంటె చెయ్యి ఒణకలే, అది చెప్పాలె. తీర్పులు మస్తు కొట్టిన, ఒక్కోటి ఒక్కో తీరుగ వస్తది, మనకేంది అనుకున్న.

పోలీసు జవాను తీసుకపోతుంటె రాజయ్య వరండాల నా ముంగట ఆగిండు. "అన్నా, బుచ్చవ్వ చెప్పింది కాయితంల లేదా?" అన్నడు.

"ఉన్నది" అన్న.

ఆయన పోయినంక ఫైలు తీసి చదివిన. నాకు ఎల్లయ్య కండ్ల ముంగట నడిచిండు. లుంగీ ఎత్తిపట్టుకున్నడు, మెడ గుంజుకున్నడు, అన్ని కనబడ్డయి. రెండోసారి చదివినప్పుడు సోయికొచ్చింది, అవి కాయితంల లేవు, నా తలకాయల ఉన్నయి. కాయితంల ఇంత, ఇట్ల, ఇట్ల, ఇట్ల, అటు అని ఉన్నది. అంత మంచిగ చెప్పిన సాక్షి ఏం చెప్పిందో ఎక్కడ లేదు. నాకు సిగ్గైంది. సిగ్గంటె మామూలు సిగ్గు కాదు, ఆ పూట బువ్వ తినబుద్ధి కాలే.

ఇంట్ల చెప్తె నా భార్య, "నౌకరి పోతదా?" అన్నది.

"పోదు. మెమో ఇస్తరు."

"రాజయ్య నౌకరి?"

ఆమె గిలాస పెట్టిన సప్పుడుకు పక్కింటి కుక్క మొరిగింది.

తెల్లారి మేడం ముంగటికి పోయిన. అంత చెప్పిన, బుచ్చవ్వ ఎట్ల నడిచిందో గూడ చెప్పిన. మేడం నవ్వలే. "తీర్పు ఇచ్చిన తర్వాత నేను ముట్టుకోవద్దు. మీరు చూసింది, రాయంది, అంతా రాసియ్యండి. అప్పీలు పోయినప్పుడు ఫైలుతోటి పంపుత" అన్నది.

రాసిన. ఎంతైనా స్టెనోను గద, నన్ను కాపాడుకునే ముక్క ఒకటి చివర్ల పెట్టిన: సాక్ష్యం చదివి వినిపించిన్నని, సాక్షి అంతా సరే అని ఏలిముద్ర ఏసిందని.

మేడం దాని మీద ఏలు పెట్టి, "ఇది ఉండాల్నా?" అన్నది.

"నిజమే గద మేడం" అన్న.

"నిజమే" అన్నది, సంతకం చేసింది.

మళ్ళ బోనుల బుచ్చవ్వ

పదకొండో దినం రాజయ్యకు బెయిలొచ్చింది. పై కోర్టు నా కాయితం చదివి, బుచ్చవ్వను మళ్ళొకసారి పిలిచి, ఆమె చేసి చూపెట్టిందంతా మాటలల్ల రాసి పంపుమని హుకుం ఇచ్చింది. నాకు మెమో వచ్చింది. అది నేను అడిగి తెచ్చుకున్నదే గనుక నొచ్చుకోలే.

బుచ్చవ్వ వచ్చింది. రాజయ్య కోసం కొండగట్టుకు మొక్కుకొని వచ్చిన్నని బోను ఎక్కంగనే చెప్పింది, మేడం అది రాయొద్దన్నది. ఈసారి "గింత" అంగనే మేడం చెయ్యెత్తి ఆపింది. "అవ్వా, చెయ్యి అట్లనే పెట్టు, దించకు." అటెండరు కుట్టుమిషనోని కాడికెల్లి టేపు తెచ్చి నేలకెల్లి కొలిచిండు. బుచ్చవ్వ కిందికెల్లి పైకి టేపును చూసుకుంట, "రవిక కుట్టిస్తరా?" అన్నది. నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. రాజయ్యను నిలబెట్టి కొలిచిండ్రు, ఆరడుగుల ఒక అంగుళం. మెడ గుంజుకున్న తీరు, కుచ్చిళ్ళు పట్టుకున్న చెయ్యి, అడుగులెన్ని, ఎన్నడుగులకు తిరిగి చూసింది, అన్ని మాటలల్ల పడ్డయి.

"పేరు ఎందుకు చెప్పలే?" అన్నది మేడం.

"నా పెనిమిటి పేరోడు" అన్నది బుచ్చవ్వ, తల దించుకొని. అది గూడ కొట్టిన. పెనిమిటి పేరు పోయినసారి కాయితంల మొదటి లైనుల్నే ఉన్నది, ఎల్లయ్య భార్య బుచ్చవ్వ అని.

పని అయిపోయింది అనుకున్న. అప్పుడు సర్కారు వకీలు లేచిండు. చేతుల నేను రాసిచ్చిన కాయితం నకలు ఉన్నది. "అవ్వా, ఇదంతా నీకు తర్వాత ఎవరో నేర్పిండ్రు. ఆనాడు స్టెనో సారు నీకు మొత్తం చదివి వినిపించిండు. అండ్ల ఇవేం లేవు. అయినా నువ్వు సరే అన్నవు, ఏలిముద్ర ఏసినవు. స్టెనో సారే రాసిచ్చిండు. నిజమా, అబద్ధమా?"

చూసిండ్రా, నన్ను నేను కాపాడుకునేటందుకు పెట్టిన ముక్క. అది పోయి పోయి రాజయ్య మెడకు పడ్డది. బుచ్చవ్వ నిజమే అంటె, ఇయ్యాల చెప్పిందంతా అల్లిన కథ అయితది. రాజయ్య మళ్ళ జైలుకు పోతడు. రాజయ్య నా దిక్కు చూస్తుండె. నేను టైపు మిషను దిక్కు చూస్తున్న.

"నిజమే. సరే అన్న" అన్నది బుచ్చవ్వ.

"అవేం లేకున్నా ఎందుకన్నవు?"

"లేకుంటెందుకు అంట అయ్యా. గా బిడ్డ ఉత్తగ చదివిండా?" అని నన్ను చూపెట్టింది. "గింత అన్నప్పుడు చెయ్యి గిక్కడ పెట్టిండు. గిట్ల అన్నప్పుడు మెడ గిట్ల గుంజుకున్నడు. ప్యాంటు జేబు పట్టుకొని గుంజిండు, లుంగీ లేదు గద. ఎనుకకు గూడ చూసిండు. నాకంటె మంచిగ చేసిండు. గంత మంచిగ చేసినోడు రాసుకోలేదంటె నాకెట్ల ఎర్కైతది? నాకు సదువొచ్చా?"

హాలు మళ్ళ నవ్వింది. నేను మాత్రం నా చేతుల దిక్కు చూసుకున్న. చేసిన్నా? చేసే ఉంట. అంత నవ్వొచ్చిన నాడు చేతులు ఊరుకుంటయా. నేను చదివిన్ననుకున్న అన్ని ఏండ్లల్ల ఎంతమందికి ఎన్ని చేసి చూపెట్టిన్నో, ఎంతమంది నా చేతులు చూసి ఏలిముద్రలు ఏసిండ్రో, దేవునికే ఎర్క.

మేడం నా దిక్కు చూసింది. "రాయండి" అన్నది. రాసిన. స్టెనో చదివేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టిండు, మెడ ఎట్ల గుంజుకున్నడు, ప్యాంటు జేబు ఎట్ల పట్టుకున్నడు, ఒక్కటి ఇడువలే.

పై కోర్టు ఆ ముక్క పట్టుకునే రాజయ్యను ఇడిసిపెట్టింది. సాక్షి మొదటిసారి గూడ ఇదే చెప్పిందని, పోయింది కాయితంల పోయిందని రాసిండ్రు. ఎల్లయ్య సంగతి తర్వాత ఏమైందో నా చేతులకెల్లి పోలే, అందుకని రాయ.

రాజయ్య

మీరు నన్ను అడిగింది పనికొచ్చేటియి చెప్పుమని. చెప్తున్న. సాక్షి చెయ్యి లేపితే మీ చెయ్యి ఆగొద్దు. ఎంత ఎత్తు, ఏ చెయ్యి, ఎటు దిక్కు, అడిగి రాయుండ్రి. సారు ఇసుక్కుంటడు, ఇసుక్కోనియ్యుండ్రి. చదివి వినిపించేటప్పుడు రెండు చేతులు బల్ల కింద పెట్టుకోండ్రి, నోటితోటి మాత్రం చదువుండ్రి. సాక్షి మొఖంల అయోమయం కనబడితె మీ కాయితంల ఏదో పోయినట్టు. ఎక్స్‌ప్రెసివ్ లాంటి మాట రాయబుద్ధైతె ముందుగాల ఆ మనిషి బయటికి తెచ్చిందేందో రాయుండ్రి. గది రాసినంక మాట అక్కరపడదు.

కేసు కొట్టేసినంక రాజయ్య తీర్పు నకలు తీసుకపోను వచ్చిండు. మగ్గం మీది జాగ పోయింది, వేరే షెడ్డుల రాత్రి పాళికి దొరికిందన్నడు. నేను ఏదో చెప్పబోయిన. ఆయన ఇనలే. వరండాల అటు ఇటు చూసి, "అన్నా, ఆనాడు నేను ఎనుకనుంటి, నువ్వు ఎట్ల చేసినవో కనబడలే. ఒక్కసారి చేసి చూపెట్టరాదు" అన్నడు.

నవ్వుతడనుకున్న. చేసిన. చెయ్యి నొసటి కాడ పెట్టిన, ప్యాంటు జేబు పట్టుకున్న, మెడ గుంజుకున్న, మూడడుగులు ఏసి ఎనుకకు చూసిన.

రాజయ్య నవ్వలే. అంతా అయినదాక నిలబడి చూసిండు.

"గింతేనా అన్నా" అన్నడు. "గిది రాస్తె ఎన్ని లైన్లు అయితుండె?"

ఇంటికి పోయి టైపు కొట్టి చూసిన. లైనున్నర అయింది.